ఇంట్లో ఎస్ప్రెస్సో మిషను – కొనేముందు, కొన్నాక

భద్రాచలానికి అవతల, అడవి అంచున పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయ దంపతుల ఉత్తరం ఈ వారం నా ముందుంది. పాత బకాయిలు చేతికొచ్చాయట. హైదరాబాదులో కొడుకు గదిలో తాగిన కాఫీ రుచి నాలుక మీద నుంచి పోవడం లేదట. నాలుగైదు వేలలో దొరికే ఎస్ప్రెస్సో మిషను తెప్పించుకుందామని భార్యాభర్తలిద్దరి ముచ్చట. కానీ ఆయనకి రక్తపు పోటు, ఆమెకి థైరాయిడు, పైగా రక్తం తక్కువ. కొనవచ్చునా, కొంటే ఎలాంటిది కొనాలి, తాగితే మాకేమైనా అవుతుందా అని మూడు ప్రశ్నలు వేశారు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువగానే వస్తున్నాయి కనుక అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

కాఫీ మిషను సంగతి డాక్టరుని అడగడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నాకు సంబంధం వుంది. ఆవిరికి కాలిన చేతులు వచ్చేది మా దగ్గరికే. ఎన్ని నెలలు మందు మింగినా రక్తం పెరగడం లేదని వచ్చేదీ మా దగ్గరికే. ఆ రెండింటికీ కాఫీతో చుట్టరికం వుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన పెళ్ళిళ్ళలో, రైల్వే స్టేషన్లలో పెద్ద రాగిరంగు మిషను పక్కన నిలబడి, బుస్సుమని ఆవిరి కొట్టి, పైన నాలుగు పలుకులు కోకో పొడి చల్లి ఇచ్చేదానిని మనం ఎన్నో ఏళ్ళు ఎస్ప్రెస్సో అన్నాం. అది నిజానికి ఇన్‌స్టంట్ పొడి కలిపిన పాలని ఆవిరితో నురగెత్తించడమే. రుచి బాగానే వుండేది, నేనూ రెండేసి కప్పులు తాగిన రోజులున్నాయి. అసలు ఎస్ప్రెస్సో అది కాదు. మెత్తగా ఆడించిన కాఫీ పొడిని చిన్న జల్లెడ గిన్నెలో గట్టిగా నొక్కి, దానిలోంచి వేడినీటిని ఒత్తిడితో తోస్తే అర నిమిషం లోపల దిగే చిక్కటి రసం అది. మన ఫిల్టరులో నీళ్ళు తమ బరువు మీద తాము దిగడానికి పావుగంట పైనే పడుతుంది. ఇక్కడ పని పంపు చేస్తుంది. ఇటలీలో టూరిన్ నగరానికి చెందిన మోరియోండో అనే ఆయన 1884లో ఇలాంటి ఆవిరి మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌లో బెజ్జెరా దాన్ని బాగు చేశాడు. పైన బంగారు రంగు నురగ తేలే కాఫీ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, గజ్జియా మీట మిషన్లు వచ్చినప్పటి నుంచే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, మీకు తక్కువ ధరలో దొరికే మిషన్లలో ఒక రకం ఇంకా ఆ పాత పద్ధతిలోనే పని చేస్తుంది. అన్నిటికన్నా చవకగా, సుమారు మూడు నుంచి అయిదు వేలకి దొరికేవి చాలా వరకు ఆవిరి మిషన్లు. వీటిలో పంపు వుండదు. పైన మర బిగించే మూత వున్న చిన్న బాయిలరు వుంటుంది. అందులో నీళ్ళు పోసి మూత బిగిస్తే, నీళ్ళు మరిగి, ఆవిరి ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడే నీళ్ళని పొడి గుండా తోస్తుంది. ఒత్తిడి మూడు నాలుగు బార్లు మించదు. బార్ అంటే సుమారుగా మన చుట్టూ వున్న గాలి ఒత్తిడి అనుకోండి. నీళ్ళు సలసల మరిగి వస్తాయి కాబట్టి కాఫీ మాడు చేదుగా దిగుతుంది. రెండో రకం పంపు మిషన్లు. ఇవి ఆరేడు వేల నుంచి మొదలవుతాయి. వెనకాల నీళ్ళ తొట్టి విడిగా వుంటుంది. లోపల చిన్న విద్యుత్ పంపు వుంటుంది. డబ్బా మీద 15 బార్లనీ, 20 బార్లనీ పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. ఆ అంకె చూసి మోసపోకండి. మంచి కాఫీకి కావలసింది 9 బార్ల ఒత్తిడి, 90 నుంచి 96 డిగ్రీల వేడి. 15 బార్ల పంపుకి అది చాలు; 20 వుంటే రుచి పెరగదు, ధర పెరుగుతుంది.

ఇప్పుడు వైద్యుడిగా చెప్పవలసిన మాట. మీ వంటింట్లో ప్రెషర్ కుక్కరు బయటి గాలి మీద సుమారు ఒక బారు ఒత్తిడితో పని చేస్తుంది. ఆవిరి మిషను దానికి మూడింతల ఒత్తిడితో పని చేస్తుంది. కుక్కరు కనీసం కూత వేసి చెబుతుంది, ఇది చెప్పదు.

రెండేళ్ళ కిందట, వర్షాకాలం మధ్యలో, మా ఆసుపత్రికి ఒక ఇల్లాలిని తీసుకువచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. ముఖం కుడివైపు, మెడ, కుడి చెయ్యి మోచేతి దాకా కాలి వున్నాయి. ఆవిరి మిషను పెట్టిన నాలుగు నిమిషాలకి కరెంటు పోయింది. మన ప్రాంతంలో వానాకాలం సాయంత్రం కరెంటు పోవడం వింతేమీ కాదు. కరెంటు పోయింది గనక మిషను ఆగిపోయినట్టే అనుకుంది ఆవిడ. నీళ్ళు సగమే దిగాయి, మిగతావి పారబోసి పొయ్యి మీద కాఫీ పెట్టుకుందామని పైమూత తిప్పింది. కరెంటు పోతే ఆగేది వేడి చెయ్యడం మాత్రమే. అప్పటికే లోపల బిగిసి వున్న ఆవిరి ఎక్కడికీ పోదు. మూత మర చివరికి రాగానే నీరూ ఆవిరీ కలిసి ఎగజిమ్మింది. కళ్ళజోడు పెట్టుకుని వుంది కాబట్టి కుడికన్ను దక్కింది. పైగా ఎవరో ఇంకు పోయమన్నారని చేతి మీద ఇంకు పోశారు, ముఖానికి టూత్ పేస్టు రాశారు. అది కడిగి గాయం ఎంత లోతో చూసుకోవడానికే మాకు చాలాసేపు పట్టింది. మూడు వారాలకి మానింది. మెడ మీద మచ్చ మిగిలింది.

కాబట్టి ఆవిరి మిషను కొన్నవాళ్ళు గోడ మీద రాసి పెట్టుకోవలసిన సంగతి: కరెంటు వున్నా, పోయినా, కాఫీ దిగినా, దిగకపోయినా, ముందు ప్లగ్గు తీయండి. తరువాత పక్కన వుండే ఆవిరి గొట్టాన్ని ఖాళీ గిన్నెలోకి వంచి, దాని మీట నెమ్మదిగా తెరవండి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగిపోవాలి. ఆ తరువాత కూడా పది నిమిషాలు ఆగి మూత ముట్టుకోండి. మూత చేతికి గట్టిగా వుండి తిరగకపోతే లోపల ఒత్తిడి వున్నట్టే. బలం ఉపయోగించకండి, పట్టకారు అసలు తేకండి. బాయిలరులో గుర్తు దాటి నీళ్ళు పోయకండి. రబ్బరు వాచరు గట్టిపడి బీటలిస్తే కుక్కరు వాచరు మార్చినట్టే మార్చండి. పంపు మిషన్లకి ఈ బాయిలరు మూత బెడద లేదు. వాటిలోనూ కాఫీ దిగుతూ వుండగా పిడి గిన్నెని లాగితే వేడి పొడి ముఖాన చిమ్ముతుంది. స్విచ్ ఆపాక ఒక నిమిషం ఆగి తీస్తే చాలు.

ఎవరైనా కాలితే ఏం చెయ్యాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. కుళాయి కింద చన్నీళ్ళు ధారగా 20 నిమిషాలు పడనివ్వండి. రెండు నిమిషాలు కాదు, గడియారం చూసి 20. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. ఐసు ముక్కలు రుద్దవద్దు. పసుపు, ఇంకు, పేస్టు, నూనె, గుడ్డు సొన ఏదీ వద్దు. బొబ్బలు చిదమవద్దు. ఉతికిన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకురండి. ముఖం, చేతి వేళ్ళు, కీళ్ళ మీద కాలినా, అరచేయంత కన్నా పెద్దగా కాలినా, పసిపిల్లలకి ఎంత కొంచెం కాలినా 108కి ఫోను చేయండి. మిషను తీగ బల్ల అంచు మీద నుంచి వేలాడకుండా చూడండి. పాకే పిల్లవాడు మొదట పట్టుకు లాగేది దానినే.

ఇంతకీ ఏది కొనాలి? నన్నడిగితే, నాలుగైదు వేలు మాత్రమే పెట్టగలిగితే ఆవిరి మిషను కొనకండి. ఆ రుచి కోసం ఆ ప్రమాదం అక్కరలేదు. అంత డబ్బుతో మంచి స్టీలు ఫిల్టరు, చేత్తో తిప్పే చిన్న గింజల మర, మంచి గింజలు కొనుక్కోండి, ఇంకా డబ్బు మిగులుతుంది. చిక్కదనమే కావాలంటే పొయ్యి మీద పెట్టే మోకా పాత్ర వుంది. 1933 నుంచి ఇటలీ ఇళ్ళలో వాడుతున్నది. వెయ్యి, రెండు వేలలో దొరుకుతుంది. కరెంటుతో పని లేదు. దానికీ పక్కన చిన్న భద్రతా వాల్వు వుంటుంది. నీళ్ళు ఆ వాల్వు కిందికే వుండాలి. ఎనిమిది తొమ్మిది వేలు పెట్టగలిగితే పంపు మిషను తీసుకోండి. ఐ.ఎస్.ఐ. గుర్తు వుందా, విడిభాగాలు, రబ్బరు వాచర్లు ఖమ్మంలోనో విజయవాడలోనో దొరుకుతాయా అడగండి. బాగు చేసేవాళ్ళు లేని వస్తువు అటక ఎక్కుతుంది. ఇవి 1000 నుంచి 1350 వాట్ల దాకా కరెంటు లాగుతాయి. ఎక్స్‌టెన్షన్ తీగల మీద, ఎర్తు లేని ప్లగ్గుల మీద నడపకండి. గీజరుకి వాడే పెద్ద ప్లగ్గు అయితే మేలు.

మరొక మెలిక వుంది, దుకాణం వాళ్ళు చెప్పరు. పొడిని పట్టుకునే జల్లెడ గిన్నెలు రెండు రకాలు. అడుగున ఒకే ఒక సన్నటి రంధ్రం వున్న రెండు పొరల గిన్నె అయితే దుకాణంలో ఆడించిన పొడితో కూడా నురగ వస్తుంది. అడుగంతా రంధ్రాలే వున్న ఒక పొర గిన్నెకి అప్పటికప్పుడు సరైన మెత్తదనంతో ఆడించిన పొడే కావాలి, అంటే మిషనుతో సమానంగా ఖర్చయ్యే మర కావాలి. మొదటిసారి కొనేవాళ్ళకి రెండు పొరల గిన్నే నయం.

పొడిలో చికోరీ వుండకూడదు. మన డికాక్షన్‌కి చిక్కదనం, రంగు ఇచ్చేది చికోరీయే కాబట్టి మనకది అలవాటు. చట్ట ప్రకారం చికోరీ కలిపిన కాఫీలో 49 శాతం దాకా చికోరీ వుండవచ్చు, ఎంత వుందో పొట్లం మీద అచ్చు వేయాలి. తినడానికి హాని లేదు. కానీ తడి తగలగానే జిగురుగా ఉబ్బి మిషను రంధ్రాలు మూసేస్తుంది. విడిగా కొన్న పొడి మీద అనుమానముంటే గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీ తేలుతుంది, చికోరీ గోధుమరంగు చారలు గీసుకుంటూ కిందికి దిగుతుంది. మన పక్కనే, తూర్పు కనుమల్లో, పాడేరు, అరకు వైపు గిరిజన రైతులు చెట్ల నీడలో పండించే అరబికా గింజలు వున్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గింజలు దొరికితే అవే వాడండి.

చేసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. ఇద్దరికి 16 గ్రాముల పొడి. సమంగా పరిచి, ఒక్కసారి గట్టిగా నొక్కి, గిన్నె అంచున పొడి తుడిచి బిగించాలి. 25 నుంచి 30 సెకన్లలో 32 గ్రాముల దాకా దిగితే సరిగ్గా వచ్చినట్టు. పది సెకన్లలోనే బొళబొళా కారితే పొడి ముతక, నీళ్ళగా పుల్లగా వుంటుంది. నిమిషం దాటినా బొట్లు బొట్లుగా పడితే పొడి మరీ మెత్తన, చేదు. పావు కిలో పొట్లం ఇలాంటి పదిహేనుసార్లకి సరిపోతుంది. రోజుకి రెండుసార్లు చేసుకుంటే వారానికొక పొట్లం అన్నమాట. మిషను ధర ఒక్కసారితో పోతుంది, పొడి ఖర్చు పోదు. బడ్జెట్టు వేసుకునేటప్పుడు ఇది కూడా వేసుకోండి.

పాల దగ్గర ఒక ముఖ్యమైన సంగతి. మిషను ఆవిరితో నురగ తీసేటప్పుడు పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపాలని చెబుతారు. అప్పుడే తియ్యగా వుంటాయి. పట్నంలో పాకెట్ పాలకి అది సరే. మన ఊళ్ళలో పితికి తెచ్చి పోసే పాలకి అది చాలదు. క్రిములు చావాలంటే 63 డిగ్రీల వద్ద అరగంట వుంచాలి, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు. ఆవిరి గొట్టం పాలని 60 దాకా తెచ్చి వదిలేస్తే బ్రూసెల్లా లాంటి జబ్బుల క్రిములు బతికే వుంటాయి. నెలల తరబడి సాయంత్రం జ్వరం, ఒళ్ళునొప్పులు, చెమటలు – మలేరియా అని మందు వాడుతూ తిరిగే వాళ్ళలో ఈ జబ్బు అప్పుడప్పుడు బయటపడుతుంది. అందుకని పాలు ముందు పొంగేదాకా కాచి, చల్లార్చి, ఆ తరువాతే నురగ తీయండి. చల్లటి పాలకి నురగ కూడా బాగా వస్తుంది. పని కాగానే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒక్కసారి ఖాళీగా ఆవిరి వదలండి. లేకపోతే లోపల పాలు ఎండి పులుస్తాయి.

మన బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పుగా, గట్టిగా వుంటాయి. గిన్నెల్లో తెల్లటి పొర కట్టడం మీరు చూస్తూనే వున్నారు. అదే పొర మిషను లోపల కడుతుంది. వేడి తగ్గుతుంది, సన్నటి గొట్టాలు మూసుకుంటాయి. మిషన్ భగీరథ నీళ్ళు వస్తుంటే అవి వాడండి, లేదా వడపోసిన తాగునీళ్ళు. రెండు మూడు నెలలకొకసారి లీటరు నీళ్ళలో 15, 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి తొట్టిలో పోసి, కొంచెం కొంచెంగా నడిపి, ఆ తరువాత రెండు తొట్ల మంచినీళ్ళతో కడిగేయండి. ఆ నీళ్ళతో కాఫీ చేసుకోకూడదని వేరే చెప్పనక్కరలేదు. తొట్టిలో నీళ్ళు ఏ రోజువి ఆ రోజు పారబోయాలి. మిషను కింద బొట్లు పట్టే పళ్ళెం వుంటుంది, అందరూ మరచిపోయేది దాన్నే. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ఆరబెట్టి వెళ్ళండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, ఆ కాసిని నీళ్ళు చాలు. గోదావరి 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఇళ్ళలో మునిగిన కరెంటు సామాను, ఆరింది గదా అని వెంటనే ప్లగ్గులో పెట్టినవాళ్ళున్నారు. మెకానిక్కు చూడకుండా అలా ఎప్పుడూ చెయ్యకండి.

ఇక తాగడం సంగతి. ఎస్ప్రెస్సో చిక్కగా వుంటుంది గనక మామూలు కాఫీకన్నా ప్రమాదమనుకుంటారు. చుక్కకి చుక్క లెక్కవేస్తే కెఫిన్ ఎక్కువే, కానీ తాగేది తక్కువ. 30 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సోలో సుమారు 60 మిల్లీగ్రాముల కెఫిన్ వుంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు వుంటుంది. రోజు మొత్తానికి 300 దాటవద్దని ఆ సూచన. మీ ఇంట్లో టీ కూడా తాగుతారు కదా, దాన్ని కూడా కలిపి లెక్కవేసుకోండి. గర్భిణులు 200 లోపలే ఆగాలి. గర్భంతో వున్నప్పుడు కెఫిన్ ఒంట్లోంచి పోవడానికి మామూలుకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది.

రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే రెండోరోజు దాకా తలనొప్పి మొదలవుతుంది. ముక్కోటి ఏకాదశికి ఉపవాసముండి ఉత్తర ద్వార దర్శనానికి నిలబడిన వాళ్ళలో మధ్యాహ్నానికి కణతలు పట్టుకునే వాళ్ళకి సగం మందికి ఆకలి కారణం కాదు, కాఫీ లేకపోవడమే అని నా అనుమానం. మానదలచుకుంటే వారం రోజుల ముందు నుంచి తగ్గించుకుంటూ రండి.

రక్తపు పోటు వున్న మాస్టారికి. కాఫీ తాగిన తరువాత రెండు మూడు గంటలు పోటు కొంచెం పెరుగుతుంది. రోజూ తాగే అలవాటున్నవాళ్ళకి తక్కువగా, లేనివాళ్ళకి ఎక్కువగా. కాబట్టి పోటు చూపించుకునే ముందు అరగంట కాఫీ వద్దు. మందులతో పోటు అదుపులో వుంటే రోజుకి ఒకటి, రెండు కప్పులకి అభ్యంతరం లేదు. 160/100, అంతకు మించి వుంటే మాత్రం జాగ్రత్త. 2022లో వెలువడిన ఒక జపాను పరిశోధనలో అంత పోటు వున్నవాళ్ళు రోజుకి రెండు, అంతకు మించి కాఫీలు తాగితే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం సుమారు రెట్టింపు కనిపించింది. ఒక్క కప్పుతో అలా కనిపించలేదు. ముందు మందు వేసుకుని పోటు దించుకోండి, మిషను ఎక్కడికీ పోదు. కొలెస్ట్రాలు గురించి కూడా ఒక మాట. కాఫీ గింజ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం కొలెస్ట్రాలుని పెంచుతుంది. కాగితం వడపోత దాన్ని పట్టేస్తుంది, లోహపు జల్లెడ పట్టలేదు. నార్వేలోని ట్రోమ్సోలో చేసిన పెద్ద పరిశీలన 2022లో వచ్చింది. రోజుకి మూడు నుంచి అయిదు ఎస్ప్రెస్సోలు తాగేవాళ్ళలో, ముఖ్యంగా మగవాళ్ళలో, కొలెస్ట్రాలు కొంత ఎక్కువ వుంది. ఒకటి, రెండుతో ఆగితే భయం లేదు. దానికన్నా మీరు ఒక్కో కప్పులో వేసే రెండు చెంచాల పంచదార గురించి ఎక్కువ కలవరపడండి. నాలుగు కప్పులకి ఎనిమిది చెంచాలు. అంటే 40 గ్రాములు, కాఫీలోనే.

టీచరమ్మకి చెప్పవలసింది అన్నిటికన్నా ముఖ్యం. మన దేశంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. మన ఏజెన్సీ గూడేల్లో అది మా ఓ.పి.లో రోజూ కనిపిస్తుంది. ఎర్ర బిళ్ళ – 60 మిల్లీగ్రాముల ఇనుము వున్నది – ఉచితంగానే ఇస్తాం. చాలామంది దాన్ని టిఫిను తిని, కాఫీ తాగి, ఆ కాఫీతోనే మింగేస్తారు. మూడు నెలలకి పరీక్ష చేస్తే రక్తం అంగుళం కదలదు. మందు మంచిది కాదంటారు. కాఫీలోని వగరు పదార్థాలు ఇనుముని పట్టేసి పేగు పీల్చుకోకుండా చేస్తాయి. 1983లో ప్రకటించిన ఒక పరిశోధనలో, భోజనంతోపాటు ఒక కప్పు కాఫీ తాగితే ఇనుము పీల్చుకోవడం 39 శాతం తగ్గింది, టీ అయితే 64 శాతం. అన్నం తినడానికి గంట ముందు తాగిన కాఫీ ఏమీ చెయ్యలేదు. తిన్న గంటకి తాగినది మాత్రం భోజనంతో తాగినంతా చెడగొట్టింది. కాబట్టి తిన్న తరువాత రెండు గంటలు దాటనివ్వండి. ఎర్ర బిళ్ళని నిమ్మరసంతోనో, జామపండుతోనో వేసుకోండి. కాల్షియం బిళ్ళ వేరే పూట. ఇవి సరిగ్గా చేసినా రక్తం పెరగకపోతే కాఫీని నిందించి వూరుకోకండి. నెలసరి ఎక్కువ అవుతోందా, నులిపురుగులున్నాయా, మన ప్రాంతపు గిరిజన కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ వుందా అని పరీక్ష చేయించుకోవాలి.

థైరాయిడు బిళ్ళది మరీ తమాషా కథ. ఇటలీలో కొందరికి ఎంత మోతాదు పెంచినా థైరాయిడు అదుపులోకి రావడం లేదని వెతికితే, వాళ్ళు తెల్లవారి బిళ్ళ వేసుకుని, వెంటనే ఎస్ప్రెస్సో తాగుతున్నారని తేలింది. 2008లో దాన్ని ప్రకటించారు. బిళ్ళ మంచినీళ్ళతో వేసుకుని, గంట ఆగి కాఫీ తాగండి. కొత్త మిషను మోజులో లేవగానే దాని దగ్గరికి వెళ్ళే ప్రమాదముంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఇంతకాలం బిళ్ళనీ కాఫీనీ కలిపి తీసుకుంటూ వుండి, ఇప్పుడు విడదీస్తే, మందు ఎక్కువగా పట్టవచ్చు; ఆరు వారాలకి టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకుని మోతాదు సరి చేయించుకోండి.

మిగిలిన ఉత్తరాలకి క్లుప్తంగా. ఆయాసానికి థియోఫిలిన్ కలిసిన బిళ్ళలు వాడుతున్న కొత్తగూడెం పాఠకుడికి: ఆ మందూ కెఫినూ అన్నదమ్ములు. రెండూ కలిస్తే గుండెదడ, చేతుల వణుకు. సిప్రోఫ్లాక్సాసిన్ వాడే రోజుల్లో కూడా కెఫిన్ ఒంట్లో నిలవ వుండిపోతుంది, ఆ నాలుగైదు రోజులు తగ్గించండి.

మణుగూరు నుంచి రాత్రి షిఫ్టు సోదరుడికి: ఒంట్లో కెఫిన్ సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన కాఫీ ఉదయం తొమ్మిదికి మీరు పడుకునేటప్పుడు సగం మేలుకునే వుంటుంది. డ్యూటీ ఎక్కిన మొదటి మూడు గంటల్లోనే తాగండి.

ఛాతీలో మంట వున్న అశ్వారావుపేట పాఠకురాలికి: పరగడుపున చిక్కటి కాఫీ వద్దు. పాలు కలిపి తాగినా మంట వస్తుంటే రెండు వారాలు పూర్తిగా మాని చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి రండి, అది కాఫీ పని కాదు.

ఎనిమిదేళ్ళ అబ్బాయి నురగ కాఫీ కావాలని మారాం చేస్తున్నాడని రాసిన ఇల్లెందు తల్లికి: కాఫీ వద్దు. అదే మిషనుతో కాచిన పాలకి నురగ తీసి, పైన కొంచెం బెల్లం పొడి చల్లి ఇవ్వండి. గొట్టం దగ్గరికి మాత్రం రానివ్వకండి.